గుత్తి కేశవ పిళ్లె బారిస్టర్ కాదు

సంపాదకులకు నమస్కారం.

తొలి తరం కాంగ్రెస్ నాయకులు గుత్తి కేశవ పిళ్లె గారి ప్రస్తావన వచ్చిన చోటల్లా ‘బారిస్టర్’ అని తగిలించడం అలవాటైపోయింది. ఆయన ప్లీడరు. లండన్‌లో చదివి వచ్చిన కడప కోటిరెడ్డి గారిలాంటి వారు బారిస్టర్లు. మన మునసబు కోర్టుల్లో, జిల్లా కోర్టుల్లో వాదించింది 1879 లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం కింద సనదు (వాదించే అనుమతి పత్రం) పొందిన ప్లీడర్లు.

ఈ తేడా తెలియకుంటే హంపన్న ఉదంతం సగమే అర్థమవుతుంది. 1893 అక్టోబరులో గుంతకల్లు దగ్గర తెల్ల సిపాయిలు వెంటపడిన ఇద్దరు ఆడవాళ్లకు అడ్డు నిలిచి, రైల్వే గేటు కాపలాదారు హంపన్న తుపాకి గుండుకు బలయ్యాడు. నిందితుడు యూరోపియన్ కావడంతో విచారణ మద్రాసు హైకోర్టుకు పోయింది. అక్కడ నిర్దోషిగా బయటపడ్డాడు. గుత్తి ప్లీడరు సనదు ఆ కోర్టులో చెల్లదు. హిందూ పత్రికకు వార్తలు రాసే పిళ్లె గారికి మిగిలింది కలమే. హంపన్న పేరు ఈనాటికీ నిలిచిందంటే అందులో ఆ రాతల పాలు పెద్దది.

1885లో బొంబాయి తొలి కాంగ్రెస్‌కు వెళ్లిన 72 మందిలో ఆయనొకరు. తర్వాత మద్రాసు శాసన మండలిలో చాలా ఏళ్లు ఉన్నారు. 1917లో మద్రాస్ ప్రెసిడెన్సీ అసోసియేషన్‌కు అధ్యక్షులయ్యారు గనుక, కాంగ్రెస్‌ను వ్యతిరేకించిన బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ మనిషని కొందరు రాస్తున్నారు. అదీ తప్పే. జస్టిస్ పార్టీకి పోటీగా కాంగ్రెస్‌లోని బ్రాహ్మణేతరులు పెట్టుకున్న సంఘం అది. 1933లో కన్నుమూశారు.

ఆయనపై పరిశోధన చేసే విద్యార్థులకు రెండు మాటలు. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అంతకు ముందరి గుత్తి రికార్డులు బళ్లారి జిల్లా పేరు మీదే ఉంటాయి. అనంతపురం కింద వెతికితే ఒక్క కాగితమూ దొరకదు. ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరులాంటి ‘పిళ్లె’ చివరి అక్షరం ఒకచోట ‘ఐ’, మరొకచోట ‘వై’ అని పడింది, రెండూ చూడాలి. 1922లో బ్రిటిష్ గయానాలోని భారతీయ కూలీల స్థితిగతులు చూడ్డానికి వెళ్లిన ముగ్గురిలో పిళ్లె, తివారీ కలిసి ఒక నివేదిక, కీటింగ్ విడిగా మరొకటి ఇచ్చారు. కీటింగ్‌ది చదివి పిళ్లె గారి అభిప్రాయమని ఉటంకించకండి.

— ఒక పాఠకుడు, గుత్తి, అనంతపురం జిల్లా