చీటీ మీద ఒకటి, సీసాలో ఇంకొకటి: మీ షాపులో కొన్న రై విస్కీ గురించి ఫిర్యాదు

యాజమాన్యం వారికి,

విషయం: ఈ నెల 7వ తేదీన కొన్న రెండు రై విస్కీ సీసాల వాపసు, డబ్బు తిరిగి ఇవ్వడం గురించి.

నమస్కారం. మీ కస్టమర్ సర్వీసుకు ఇంగ్లీషులో రెండు మెయిళ్లు పెట్టాను. రెండింటికీ అక్షరం తేడా లేకుండా ఒకటే జవాబు వచ్చింది. డాలస్ చుట్టుపక్కల మీ షాపుల్లో కౌంటర్ వెనక తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. ఓనర్లు కూడా మనవాళ్లేనని అక్కడి కుర్రాడే చెప్పాడు. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను, కనీసం చివరిదాకా చదువుతారని.

7వ తేదీ శనివారం మీ వెబ్‌సైట్‌లో ఒక రై విస్కీ (రై అనే ధాన్యంతో చేసేది) చూశాను. కెంటకీ స్ట్రెయిట్ రై, బాటిల్డ్ ఇన్ బాండ్ (దాని కథ కింద చెప్తాను), 100 ప్రూఫ్ (అంటే 50 శాతం ఆల్కహాల్), ఆరేళ్లు పీపాలో ఉన్నది అని రాశారు. సీసా 69 డాలర్ల 99 సెంట్లు. రెండు ఆర్డర్ చేసి, సాయంత్రం షాపుకెళ్లి తెచ్చుకున్నాను. టాక్స్‌తో కలిపి 151 డాలర్ల 53 సెంట్లు. కాగితం సంచుల్లో చుట్టి ఇచ్చారు. అక్కడే విప్పి చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను.

ఈ సీసాలు ఎందుకు కొన్నానో కూడా చెప్పాలి. కాకినాడలో ఉన్న మా చిన్నాన్న ఎక్సైజ్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కిందటేడాది నేను కెంటకీ వెళ్లొచ్చి ఆయనకు ఫోన్లో ఈ 'బాండ్' కథ చెప్పాను. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడ కొందరు వ్యాపారులు ముడి స్పిరిట్‌కి రంగు, పొగాకు లాంటివి కలిపి పాత విస్కీ అని అమ్మేవారు. కర్నల్ ఇ.హెచ్. టేలర్ లాంటి డిస్టిలరీ యజమానులు గట్టిగా పట్టుబట్టారు. అప్పటి ట్రెజరీ సెక్రటరీ జాన్ కార్లైల్ కూడా వాళ్లకు తోడయ్యాడు. అలా 1897లో 'బాటిల్డ్ ఇన్ బాండ్' చట్టం వచ్చింది. సీసా మీద ఆ మాట రాయాలంటే కొన్ని షరతులున్నాయి. విస్కీ మొత్తం ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్లో దించినదై ఉండాలి. సీజనంటే ఆరు నెలలు, జనవరి నుంచి జూన్ లేదా జూలై నుంచి డిసెంబర్. సర్కారు అజమాయిషీలో ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు పీపాలో ఉండాలి. సరిగ్గా 100 ప్రూఫ్ దగ్గర, అంటే 50 శాతం ఆల్కహాల్‌తో, సీసాలో పోయాలి. ఏ డిస్టిలరీలో తయారైందో లేబుల్ మీద నంబరుతో సహా ఉండాలి. ఆ రోజుల్లో గోదాముకు యజమాని తాళంతోపాటు సర్కారు తాళం కూడా పడేది.

ఇదంతా విని చిన్నాన్న పగలబడి నవ్వారు. "మేం ఇక్కడ చేసిందీ అదేరా, తాళంచెవి నా జేబులోనే ఉండేది. ఈసారి వచ్చేటప్పుడు ఒక సీసా పట్రా, వాళ్ల తాళం ఎంత గట్టిదో చూద్దాం" అన్నారు. ఆయన నన్ను ఏదైనా తెమ్మని అడగడం అదే మొదటిసారి. ఇండియాకి మనిషికి రెండు లీటర్ల దాకా డ్యూటీ లేకుండా తీసుకెళ్లొచ్చు కదా, ఒకటి ఆయనకు, ఒకటి ఇక్కడ మాకు అనుకున్నాను.

శనివారం రాత్రి మాది అనుకున్న సీసా తెరిచాం. ముగ్గురం ఉన్నాం. ("రై అంటే హిందీలో ఆవాలు కదా, ఆవాలతో విస్కీ ఏంటి?" అని మా ఆవిడ. కాదు, అదొక ధాన్యం అని చెప్పేసరికి ఆమె ఆసక్తి పోయింది.) గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే తేడా తెలిసింది. సోయికూర వాసన! పచ్చి సోయికూర, వెనకాలే పుదీనా. పాత కెంటకీ పద్ధతిలో చేసే రైలో రై గింజ చట్టం అడిగే 51 శాతానికి దగ్గర్లోనే ఉంటుంది, మిగతాదాంట్లో ఎక్కువ భాగం మొక్కజొన్న. అందుకే ముందు తీపి తగిలి, మిరియం ఘాటు తర్వాత వస్తుంది. ఈ సోయికూర వాసన నాకు తెలుసు. ఇండియానాలోని లారెన్స్‌బర్గ్‌లో, ఒకప్పుడు సీగ్రామ్ అనే మద్యం కంపెనీదైన పెద్ద డిస్టిలరీలో 95 శాతం రై, 5 శాతం మాల్టెడ్ (మొలకెత్తించి ఎండబెట్టిన) బార్లీతో చేసే విస్కీలో వచ్చే వాసన అది.

అప్పుడు ఫోన్ టార్చి వేసి లేబుల్ చదివాను. ముందువైపు పెద్ద అక్షరాల్లో 'స్ట్రెయిట్ రై విస్కీ'. 'కెంటకీ' ఉంది, కానీ 'కెంటకీలో సీసాలో నింపినది' అన్న వాక్యంలో. సీసా తిప్పితే వెనక అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో: ఇండియానాలో డిస్టిల్ చేసినది, వయసు రెండేళ్లు, 90 ప్రూఫ్. 'బాటిల్డ్ ఇన్ బాండ్' అన్న మాట ఎక్కడా లేదు. స్ట్రెయిట్ విస్కీ (కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నది) నాలుగేళ్ల లోపుదైతే వయసు చెప్పి తీరాలని రూలుంది కాబట్టి ఆ రెండేళ్ల మాటైనా రాశారు. రెండో సీసా తీసి చూశాను, అదీ ఇదే సరుకు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇండియానా రై చెడ్డదని నేను అనడం లేదు. పేరున్న బ్రాండ్లు ఎన్నో దాన్నే కొని సీసాల్లో నింపి అమ్ముతాయి, ఇష్టంగా తాగేవాళ్లున్నారు. తయారుచేసిన కంపెనీ మీద కూడా నాకు ఫిర్యాదు లేదు, వాళ్లు చిన్న అక్షరాల్లోనైనా నిజమే రాశారు. అబద్ధం రాసింది మీ వెబ్‌సైట్, మీ షెల్ఫ్ మీది ధర చీటీ. ఆరేళ్ల సరుకని చెప్పి రెండేళ్లది, 50 శాతమని చెప్పి 45 శాతంది ఇచ్చారు. 750 మిల్లీలీటర్ల సీసాలో ఆ అయిదు శాతమే ముప్పై ఏడున్నర మిల్లీలీటర్లు. చిన్న పెగ్గు కంటే ఎక్కువ ఆల్కహాల్ బదులు నీళ్లు కొన్నట్టు! బాండెడ్ రై అంటే అంత ఖరీదు ఉండాల్సిన పని కూడా లేదు. రిటెన్‌హౌస్ లాంటి బ్రాండు ముప్పై డాలర్లకు అటూఇటూ దొరుకుతుంది. మీది ఆరేళ్లది అన్నారనే డెబ్బై పెట్టాను.

ఆదివారం టెక్సస్‌లో లిక్కర్ షాపులు తెరవరు కాబట్టి సోమవారం ఆఫీసుకు లేటుగా వస్తానని చెప్పి, పొద్దున పదింటికి మీ షాపు ముందు నిలబడ్డాను. మేనేజరు సీసా చూసి "అన్నా, రై అంటే రైయే కదా" అన్నాడు. షెల్ఫ్ దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. 69.99 అని, బాటిల్డ్ ఇన్ బాండ్ అని ఉన్న చీటీ కింద ఈ 90 ప్రూఫ్ సీసాలే వరసగా ఉన్నాయి. అదే బ్రాండ్‌లో బాండెడ్ సీసా వేరే ఉందట, స్టాకు అయిపోయిందట. పక్కనున్న కుర్రాడు స్కానర్‌తో నా సీసా బార్‌కోడ్ కొట్టాడు. తెర మీద 42.99 అని పడింది. నేను చూశాను, అతనూ చూశాడు. వెంటనే స్కానర్ బోర్లా పెట్టేశాడు. నా బిల్లు మీద చూస్తే 'రై 750' అని తప్ప ఇంకేమీ లేదు.

తర్వాత మేనేజరు గోడ మీది బోర్డు చూపించాడు, మద్యం వెనక్కి తీసుకోబడదు అని. మనసు మారి తెచ్చిన సీసాకు ఆ రూలు సబబే. మీరు చెప్పిన సరుకు నాకు అసలు ఇవ్వనే లేదు, మరి ఈ రూలు దేనికి వర్తిస్తుంది? "వేరే కస్టమర్లెవరూ అడగలేదు" అని కూడా అన్నాడు. అడగకపోవచ్చు. వెనక లేబుల్ టార్చి వేసి చదివేవాళ్లు ఎంతమంది ఉంటారు?

నేను అడిగేవి మూడే. రెండు సీసాలూ వెనక్కి తీసుకుని డబ్బు నా కార్డుకు వేయండి. వెబ్‌సైట్‌లో, షెల్ఫ్ మీద ఆ చీటీ ఈ వారంలోగా మార్చండి. సోమవారం నేను వచ్చేటప్పటికీ అది అలాగే ఉంది. ఈ చీటీ చూసి ఇదే సీసా కొన్నవాళ్లు మీ లాయల్టీ కార్డు లెక్కల్లో దొరుకుతారు, వాళ్లకూ తేడా డబ్బు ఇవ్వండి. డబ్బు బదులు అదే బ్రాండ్ బాండెడ్ సీసాలు తెప్పించి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే 21వ తేదీన నా ఫ్లైట్. 18వ తేదీలోగా మీ నుంచి మాట రాకపోతే కార్డు కంపెనీకి డిస్ప్యూట్ వేస్తాను, టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసు వినియోగదారుల విభాగానికి కూడా రాస్తాను. బిల్లు, వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్, షెల్ఫ్ చీటీ ఫోటో, సీసా వెనక లేబుల్ ఫోటో జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్

తా.క.: తెరిచిన సీసాలో మూడు పెగ్గులు తక్కువ ఉంటాయి. వాటి డబ్బు పట్టుకుని మిగతాది ఇవ్వండి. పట్టుకునేది మాత్రం 42.99 లెక్కన.