అమ్మవారికి రెండు పులుల బాకీ

బరంపురం,
శుక్రవారం, రాత్రి తొమ్మిదిన్నర

ఒరేయ్ డబ్బా,

తిట్టుకో. దసరాకి నువ్వు రాసిన ఉత్తరానికి చైత్రంలో జవాబు రాస్తున్నాను. మూడో బెంచీ ప్రమాణం మాత్రం తప్పలేదు. ఉత్తరానికి ఉత్తరమే రాయాలన్నాం గానీ ఎన్నాళ్ళలో రాయాలో అనుకోలేదుగా. మధ్యలో ఫోన్లో మాట్లాడుకున్నాం కదా అనకు. ఫోన్లో చెప్పేవి వేరు, ఇది వేరు.

మామూలు కబుర్లు ముందు గబగబా కానిచ్చేస్తాను. అమ్మ బాగానే ఉంది, మోకాళ్ళు తప్ప. పాప పది పరీక్షలు రాసేసింది. డాబా ఇంకా కారుతూనే ఉంది. గిరి రోడ్డులో మనం పెన్నులు కొనుక్కునే కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టయింది. ఉగాది పచ్చడిలో మా ఆవిడ వేపపువ్వు గుప్పెడు వేసేసింది, ఏడాదంతా ఎలా ఉంటుందో మరి. అంతే, అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు.

నేను పులినయ్యాను.

పులంటే పులే. ఒంటినిండా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, వెనక నాలుగడుగుల తోక. మొన్న ఆదివారం, మన ఠాకురాణి అమ్మవారి యాత్రలో, పట్టపగలు, పెద్ద బజారు మీదుగా దేశిబెహెరా వీధి దాకా. నలభై నిండిన లెక్కల మాస్టారిని, నేను. ఫొటో వాట్సాప్‌లో పెడదామనుకున్నాను. పెడితే నువ్వు కళ్ళల్లో నీళ్ళతో నవ్వే బొమ్మలు మూడు పెట్టి ఊరుకుంటావు. ఇది ఊరుకునే సంగతి కాదు. ఇందులో నీకూ వాటా ఉంది. ఎలాగంటావా, ఆగు.

ఉగాదికి ముందు అమ్మ ట్రంకు పెట్టె దులిపించింది. అడుగున పాత పంచాంగాలు కట్ట కట్టి ఉన్నాయి. మనకి తెలుగు అక్షరాలు వచ్చింది వాటిలోనే కదా, బళ్ళో అంతా ఒడియా అయిపాయె. (అందుకే ఇందులో తప్పులుంటే నన్ననకు, పంచాంగకర్తని అను.) ప్రమాది నామ సంవత్సరం పంచాంగం, అంటే 1999ది, చేతికొచ్చింది. వెనక అట్ట లోపలి వైపు అమ్మ చేతిరాత: "ఠాకురాణి అమ్మకి రెండు పులులు బాకీ. ఒకటి మన వాడు. రెండోది డబ్బా."

చూశావా? నీ అసలు పేరు కూడా రాయలేదు. అమ్మవారి దగ్గర నువ్వు డబ్బాగానే నమోదయ్యావు.

ఆ ఏడాది గాలివాన గుర్తుందా అని నిన్ను అడగక్కర్లేదు. అక్టోబరు నెలాఖరున పారాదీప్ వైపు వేలమందిని మింగిన పెద్ద తుఫాను కాదు, దానికి పది పన్నెండు రోజుల ముందు మన గోపాల్‌పూర్‌ని కొట్టిందే, అది. పెద్దది వచ్చాక మనదాన్ని లోకం మరిచిపోయింది. దసరా సెలవులు. "అలలు తాటిచెట్టంత లేస్తున్నాయట" అని నువ్వు, "పద పోదాం" అని నేను. (నువ్వు దీన్ని తిరగేసి చెప్తావు, తెలుసు.) ఒకే సైకిలు మీద పదహారు కిలోమీటర్లు. ఆ నోళియా జాలరి ముసలమ్మ మన చెవులు పట్టుకుని బడి భవనంలోకి ఈడ్చుకుపోవడం, "మీ అమ్మలకి మీరు బరువైపోనారేట్రా" అని శుభ్రమైన తెలుగులో తిట్టడం, తెల్లారాక తన వాళ్ళతోపాటు మనకీ గంజి పొయ్యడం. పేరైనా అడగలేదు మనం. గోపాల్‌పూర్ వెళ్ళినప్పుడల్లా ఆ బడి దగ్గర నిలబడి... సరే, అది ఇంకోసారి.

ఇంటికొచ్చాం, చెరో నాలుగూ తిన్నాం, పడుకున్నాం. అంతవరకే మనకి తెలుసు. ఆ రాత్రి ఇక్కడేమైందో అమ్మ ఇప్పుడు చెప్పింది. మీ అమ్మగారు, అమ్మ మా గుమ్మంలోనే కూర్చున్నారట, ఎవరినీ తలుపు మూయనివ్వకుండా. నాన్నగారు ఆ గాలిలో సైకిలేసుకుని మనల్ని వెతకడానికి బయల్దేరి, ఎక్కడో పడి, కళ్ళజోడు పోగొట్టుకుని, వంకరపోయిన సైకిలు తోసుకుంటూ తిరిగొచ్చారట. ఆయన్ని అలా చూశాక ఇద్దరూ కలిసి మొక్కారట. పిల్లలు దక్కితే ఇద్దరి చేతా పులివేషం వేయిస్తాం తల్లీ అని. ఇద్దరూ. మీ అమ్మగారు కూడా.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు వేయించలేదంటే, ఆ తర్వాత యాత్రకి అమ్మ ఎత్తగానే నాన్నగారు "హెడ్మాస్టరు కొడుకు రంగు పూసుకుని బజార్లో గెంతుతాడా" అని ఒక్క మాటతో కొట్టేశారట. ఆయన ఆ గొంతుతో అంటే ఇంక ఎవరు మాట్లాడతారు, నీకు తెలీనిదా, తాళంచెవి రోజు నువ్వు తిన్నావుగా. అమ్మ నోరు మూసుకుంది, పంచాంగంలో రాసి పెట్టుకుంది. మొన్న కార్తీకంలో ఆయన సంవత్సరీకం అయింది. ఈ చైత్రంలో అమ్మ పంచాంగం తెచ్చి నా కాఫీ పక్కన పెట్టింది. ఏమీ అనలేదు. పెట్టి వెళ్ళిపోయింది.

ఆగు, మహురీ సన్నాయి వినిపిస్తోంది. అమ్మవారి ఘటాలు మా వీధికి వస్తున్నట్టున్నాయి. వచ్చి రాస్తాను.

పదకొండయింది. వీధంతా నీళ్ళు చల్లి ముగ్గులేశారు. ఘటాలు మోసేవాళ్ళ కాళ్ళు అమ్మ స్వయంగా కడుగుతానంది. ఆ మోకాళ్ళతో వంగి, మళ్ళీ లేవలేక, ఇద్దరం పట్టుకుని లేపాం. నీ కొడుకు పోయినసారి ఫోన్లో అడిగాడు కదా, "ఇది మా బోనాల్లాంటిదేనా అంకుల్" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, చెప్పు వాడికి. అలాంటిదేరా బాబూ. మీకు ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందంటారే, ఇక్కడా అంతే, కాకపోతే రెండేళ్ళకోసారి, చైత్రంలో. పుట్టిల్లంటే మన తెలుగు నేతవాళ్ళ పెద్ద, దేశిబెహెరా ఇల్లు. ఆ వీధిలో శుభఖుంటి, అంటే పండగ మొదలుకి పాతే గుంజ, పాతిన దగ్గర్నుంచి నెల పొడుగునా ఊరంతా ఆడపిల్ల వచ్చిన ఇల్లే. రాత్రుళ్ళు ఆవిడే ఘటంలో మనవాళ్ళ గుమ్మాలు చూసిపోతుంది, పగలు మొక్కున్నవాళ్ళు వేషాలు కట్టుకుని ఆవిడ దగ్గరికి పోతారు. మొదట్లో పట్టు నేసేవాళ్ళ పండగ. ఇప్పుడు ఊళ్ళో ఒడియా వాళ్ళా తెలుగు వాళ్ళా అని ఎవరూ చూడరు. మా పక్కింటి ఒడియా ఆవిడ అమ్మకంటే ముందే బిందె పట్టుకుని నిలబడింది.

సరే, పులి.

మేళం పెద్ద అర్ధరాత్రి మా డాబా మీద నాకు నడక నేర్పాడు. మూడు రోజులు. పులి గెంతదటరా, అది మనం అనుకోవడం. ఒంగి, భుజాలు ముందు కదిలించి, అడుగు ఆనీ ఆననట్టు వేసి, హఠాత్తుగా తిరగాలి, అప్పుడు తోక దానంతటదే ఒక ఊపు ఊగాలి. నా తోక ఊగేది కాదు, ఈడ్చుకొచ్చేది. మా ఆవిడ నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. పాప "నాన్నా, ప్లీజ్, మా స్కూలు వైపు రాకు" అని ముందే మాట తీసుకుంది.

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి మొదలెట్టారు. ముందు ఒంటి మీద వెంట్రుకలన్నీ గొరిగేశారు. తర్వాత పసుపు రంగు. పూసి, చేతులు చాపి ఫ్యాను కింద నిలబెట్టారు. కూర్చోడానికి లేదు, ఆనుకోడానికి లేదు, ముక్కు దురద పెడితే ఇంకెవరైనా గోకాలి. ఎండాక నల్ల చారలు. రంగులేసే కుర్రాడు నా బొజ్జ దగ్గరికొచ్చి కాసేపు ఆలోచించి "సార్, ఇక్కడ చార కొంచెం ఎక్కువ పడుతుంది" అన్నాడు. నువ్వయితే రెండు డబ్బాలు పడుతుంది.

ఇంక అసలు చిక్కు. కళ్ళజోడు తీస్తే నాకు ఎదుటి మనిషి కూడా పొగలాగే కనిపిస్తాడని నీకు తెలుసు. తీసేసి రెండడుగులు వేసి అరుగు తన్నుకున్నాను. మేళం పెద్ద తల పట్టుకున్నాడు. పులికి కళ్ళజోడేమిటి సార్! చివరికి అమ్మ తీర్పు చెప్పింది, "అమ్మవారికి పులి కావాలి గానీ గుడ్డిపులి వద్దు" అని. కళ్ళజోడుకి దారం కట్టి, తల వెనక ముడేసి బయల్దేరాను. గేటు బజారు దాటేసరికి పిల్లలు వెంట పడ్డారు. అందులో మా ఎనిమిదో తరగతి వాళ్ళు నలుగురు. ఒకడు నన్ను పోల్చేశాడు. "సార్ బాఘొ హేయిగలే!" (సార్ పులైపోయారు!) అని వాడు పెట్టిన కేక ఫస్ట్ గేటు దాకా వినిపించి ఉంటుంది. సోమవారం తరగతిలోకి వెళ్ళేసరికి బోర్డు మీద కళ్ళజోడుతో పులి బొమ్మ. తుడపలేదు. దాని పక్కనే లెక్క వేశాను.

ఎండ సంగతి చెప్పను. రంగు లోపల చెమట ఎటూ పోలేక ఒంట్లోనే ఉడికినట్టుంటుంది. దారిలో ఎవరో మారేడు పణా ఇస్తే అదే అమృతం. ఇంకొక అవసరం కూడా వచ్చింది, తోకతో. అది ఎదురుగా కలిసినప్పుడే చెప్తాను.

పెద్ద బజారు మలుపులో ఎదురుగా ఇంకో మేళం. వాళ్ళ పులి పాతికేళ్ళవాడు, కండలు, చారలు గీసినట్టు కాదు పుట్టినట్టున్నాయి. వాణ్ణి చూడగానే నాకు కాళ్ళు వణికాయి. వాడు దగ్గరికొచ్చి, నా చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి, చెవిలో మెల్లగా "నమస్తే సార్, టెన్షన్ పడకండి, నన్ను చూసి అడుగెయ్యండి" అన్నాడు. నా దగ్గర మూడేళ్ళు లెక్కలు తప్పినవాడురా! ఆ తర్వాత దేశిబెహెరా వీధి దాకా ఇద్దరం పక్కపక్కనే ఆడాం. ఢోలు వాళ్ళకి కూడా ఊపొచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా తోక సరిగ్గా ఊగింది. నాకే తెలిసింది అది. ఎలా చెప్పను, ఒళ్ళంతా తేలికైపోయి, నేను మాస్టారినని, నలభై ఏళ్ళని, రేపు పేపర్లు దిద్దాలని ఏదీ లేదు. అడుగుంది, ఢోలుంది, అంతే. నువ్వుండాల్సిందిరా అనిపించింది. నిజంగా.

అమ్మవారి ముందు ఆడి, సాగిలపడి (పొట్ట మీద రంగు అక్కడే సగం అంటుకుపోయింది) లేచాను. అమ్మ రిక్షాలో ముందే వచ్చి నిలబడి ఉంది. మా శిష్యుడు అంతా విని, "పెద్దమ్మా, రెండో పులి నేనే అనుకోండి, మీ బాకీ తీరిపోయింది" అన్నాడు పాపం. అమ్మ వాడి తల నిమిరి, "నువ్వు మీ అమ్మ పులివి నాయనా, నువ్వు లెక్కలోకి రావు" అంది. మళ్ళీ లెక్క తప్పాడు వెధవ. తర్వాత అమ్మవారి వైపు తిరిగి, పక్కింటావిడతో మాట్లాడినట్టు, అందరూ వింటుండగా అందీ, "ఒకటి ముట్టింది తల్లీ. రెండోది హైదరాబాదులో ఉంది. కబురు పెడతాను."

ఇదే ఆ కబురు.

ఫోన్ చేసి చెప్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఫోన్లో అయితే 'అలాగే పిన్నీ' అంటాడు, పెట్టేస్తాడు. కాయితం మీద రాయి, దాచుకుంటాడు" అంది. పంచాంగం అట్ట జిరాక్స్ తీయించి ఇందులో పెట్టమంది, పెడుతున్నాను.

కళ్ళు మూతలు పడుతున్నాయి. మిగతాది పొద్దున్న.

శనివారం. మేనల్లుడు విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాడు, ఉత్తరం, రెండు కట్టల అప్పడాలు, మామిడికాయ పచ్చడి వాడితోనే. వాడు స్నానానికి వెళ్ళాడు, ఈలోగా ముగించాలి.

రంగు వదిలించుకోవడం వేయించుకోవడంకన్నా పెద్ద పని. కిరసనాయిలు, తర్వాత కొబ్బరినూనె, తర్వాత సున్నిపిండి. ఇప్పటికీ చెవుల వెనక పసుపు ఉంది. మొన్న బ్యాంకులో అమ్మాయి "సార్, కామెర్లు ఏమన్నా..." అని అడిగింది.

ఇంకొకటి, ముఖ్యమైనది, చివరికి మిగిలిపోయింది. ఆదివారం రాత్రి నిద్రపట్టక నాన్నగారి ఖర్చుల పుస్తకాలు తీశాను. తెలుసుగా, ఆయన పావలా కూడా రాసేవారు. మొక్కు కొట్టేసిన మనిషి కదా, యాత్ర నెలల్లో ఏం రాశారో చూద్దామని. పాలు, కూరలు, కిరసనాయిలు, చందా, అన్నీ ఉన్నాయి. ప్రతి యాత్రకీ, ఒక్కటీ తప్పకుండా, ఒక పద్దు: "పులులు (2)", ఎదురుగా పది రూపాయలు. తర్వాత యాత్రకి పది. తర్వాత ఇరవై. చివర్లో వంద. గుమ్మంలోకి వేషాలు ఎన్నో వస్తాయి కదరా, కేళా-కేళుణీ, దేవుళ్ళు, సిపాయిలు. ఎవరికీ రాయలేదు. ఒకే పులి వస్తే ఇంకోటి వచ్చేదాకా అరుగు మీద కూర్చునేవారని అమ్మ అంది. ఆవిడకీ ఇప్పుడే గుర్తొచ్చింది. కాసేపు ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "చూశావా, వడ్డీ కట్టేరు" అంది. నేనేం అనలేదు. నువ్వూ ఫోన్లో ఏం అనకు.

ఇదిగో ఆటో వచ్చేసింది, వీడు ఇంకా తల దువ్వుకుంటున్నాడు. మళ్ళీ యాత్రకి రెండేళ్ళు టైముంది, సెలవు ఇప్పట్నుంచే చెప్పి పెట్టుకో. రంగు, తోక, మేళం ఖర్చు నాది. నడక నేను నేర్పిస్తాను, నవ్వకు, నాకొచ్చు. నీ కొడుకుని కూడా తీసుకురా. మీ ఆవిడకి ముందే చెప్పకు, నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకు. ఆ, ఆ పన్నెండు రూపాయల సంగతి కూడా బయటపడిందిరా, ఆ పుస్తకంలోనే, అది ఎవరు తీశారో

హారన్ కొడుతున్నాడు. ఉంటాను.

నీ
ఒకటో పులి