ఫాల్ సీజన్‌లో కూడా టీమ్‌ని రెండుగా చేయడం లేదు

ఫ్రిస్కోలో మా బేస్‌బాల్ బ్యాటింగ్ కేజ్‌కి (వల కట్టిన ప్రాక్టీస్ చోటుకి) పిల్లల్ని పంపుతున్న అమ్మానాన్నలందరికీ నమస్తే. స్ప్రింగ్ సీజన్ అయిపోయిన దగ్గర్నుంచి చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. తొమ్మిది, పదేళ్ల టీమ్‌లో బాగా ఆడేవాళ్లు, ఇప్పుడిప్పుడే గ్లవ్ తొడుక్కున్నవాళ్లు కలిసి ఉన్నారు కదా, వాళ్లని విడదీసి రెండు టీములు చేయొచ్చు కదా అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెప్తే మేలని రాస్తున్నాను. చేయడం లేదండి. ఇది నచ్చక కొన్ని కుటుంబాలు ట్రావెల్ టీములకి, అంటే బాగా ఆడేవాళ్లని ఏరుకుని ఊళ్లు తిరిగి ఆడే టీములకి, వెళ్లిపోయాయి, మా లాంటి చిన్న వ్యాపారానికి ఆ ఫీజులు పోవడం చిన్న విషయమేమీ కాదు, అయినా బాగా ఆలోచించే ఈ నిర్ణయం తీసుకున్నాను.

ఈ వయసులో మనకి కనిపించే తేడా చాలావరకు ఎవరు ముందు మొదలుపెట్టారు, ఎవరు ముందు పొడుగయ్యారు అన్నదే. నాలుగేళ్లప్పుడే టీ (బంతి నిలబెట్టే చిన్న స్టాండు) మీద బంతి పెట్టి కొట్టిన పిల్లాడిని, పోయినేడాది హైదరాబాద్ నుంచి వచ్చి మొదటిసారి ఈ ఆట చూసిన పిల్లని పక్కపక్కన నిలబెట్టి ఎవరికి టాలెంట్ ఉందో తేల్చేయడం అన్యాయం. రెండో టీమ్‌లో వేశారంటే ఆ పిల్లకి విషయం అర్థమైపోతుంది, ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు.

అయితే ఒకే టీమ్ అంటే అందరికీ ఒకే ప్రాక్టీస్ అని కాదు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బాగా ఆడే పిల్లల తల్లిదండ్రుల బాధ కూడా న్యాయమైనదే. బంతి విసురుకునేటప్పుడు జోడీలని మేం చేతి బలం చూసి కలుపుతాం. గట్టిగా విసిరే పిల్లాడికి ఎదురుగా కొత్త పిల్లని నిలబెడితే బంతి మూతికి తగులుతుంది, ఒక్కసారి తగిలిందంటే ఆ భయం నెలల తరబడి వదలదు. అందుకే కొత్తవాళ్లు ముందు టెన్నిస్ బంతితో, తర్వాత మెత్తటి ప్రాక్టీస్ బంతితో, ఆ తర్వాతే అసలు బంతితో ఆడతారు. నడుము పైన వచ్చే బంతికి గ్లవ్ వేళ్లు పైకి, నడుము కింద వచ్చేదానికి కిందకి, ఈ ఒక్కటి అలవాటైతే సగం భయం పోతుంది. "భయపడకు" అని గట్టిగా అరిస్తే మాత్రం పోదు. మ్యాచ్‌లో ఫస్ట్ బేస్ (బంతి కొట్టినవాళ్లు మొదట పరుగెత్తి చేరాల్సిన చోటు, మనవాళ్లు గట్టిగా విసిరే బంతులు అక్కడికే వస్తాయి) దగ్గర కూడా బంతిని నమ్మకంగా పట్టగలిగేవాళ్లనే ఉంచుతాం, అది పక్షపాతం కాదు, పిల్లల ముఖాలు కాపాడుకోవడం.

మిగతా ప్రాక్టీస్‌లో అందరూ కలిసే ఉంటారు. చిన్న చిన్న గుంపులుగా చేసి ఒక గుంపు కేజ్‌లో, ఒకటి గ్రౌండర్లు (నేల మీద దొర్లుతూ వచ్చే బంతులు) పట్టడం దగ్గర, ఇంకొకటి బేస్ రన్నింగ్‌లో, కొద్ది నిమిషాలకోసారి మారుతూ ఉంటారు, ఎందుకంటే వరసలో నిలబడి తన వంతు కోసం చూసే పిల్లాడు ఏమీ నేర్చుకోడు. బాగా ఆడేవాళ్లకి అదే గ్రౌండర్ దగ్గర పని వేరు, వాళ్లు డబుల్ ప్లేకి (ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయడానికి) కాలు ఎలా మార్చాలో చేస్తారు. శనివారం వాళ్లకి విడిగా ఒక గంట కూడా పెడుతున్నాం, దానికి వేరే ఫీజు లేదు.

కొత్తవాళ్లని రైట్ ఫీల్డ్‌లో (మైదానం కుడివైపు దూరంగా) పడేసి మర్చిపోవడం నాకు అస్సలు నచ్చదు. ఈ వయసులో అటువైపు బంతి తక్కువ వస్తుంది, పిల్లలు గడ్డి పీక్కుంటూ కూర్చుంటారు. కానీ అక్కడ చేయాల్సిన పని ఉందండి. ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌లు ఉండే లోపలి భాగంలో) గ్రౌండర్ వెళ్లిన ప్రతిసారీ ఫస్ట్ బేస్ వెనక్కి పరుగెత్తాలి, విసిరిన బంతి తప్పితే ఆపేది ఆ పిల్లే. ఇది నేర్పాక నిలబడే తీరే మారిపోతుంది. ప్రతి ఒక్కరికీ ప్రతి మ్యాచ్‌లో కనీసం ఒక ఇన్నింగ్స్ ఇన్‌ఫీల్డ్‌లో ఉంటుంది, బ్యాటింగ్ వంతు కూడా అందరికీ వరసగా వస్తుంది. దీనివల్ల కొన్ని మ్యాచ్‌లు ఓడిపోతాం, అది ముందే చెప్తున్నాను.

ఇంట్లో క్రికెట్ ఆడే పిల్లలు మనకి చాలామంది. వాళ్ల కన్ను, చెయ్యి బాగా కలుస్తాయి, క్యాచ్‌లు చక్కగా పడతారు. ఇబ్బంది వేరే చోట వస్తుంది. బంతి కొట్టాక ఎటు వెళ్లిందో చూసి, పరుగు ఉందా లేదా అని ఆలోచిస్తారు. ఇక్కడ బంతి ఫెయిర్‌గా (గీతల లోపల) పడిందంటే పరుగెత్తాల్సిందే, బ్యాట్ అక్కడే వదిలేసి. ఫస్ట్ బేస్ దగ్గర వేగం తగ్గించక్కర్లేదు, దాటి ముందుకెళ్లొచ్చు. క్రికెట్‌లో మంచి బంతిని వదిలేయడం ఓపిక, ఇక్కడ అలా వదిలితే అది స్ట్రైక్, మూడు స్ట్రైకులైతే అవుటై వెనక్కి రావాలి. నాన్నలు ఇంట్లో ఈ తేడాలు చెప్తే మాకు సగం పని తగ్గుతుంది. మ్యాచ్ మధ్యలో ఫెన్స్ వెనక నుంచి మాత్రం చెప్పకండి, దయచేసి. తెలుగులో అరిస్తే అంపైర్‌కి అర్థం కాదు గానీ పిల్లాడికి అర్థమవుతుంది, కళ్లు బంతి వేసే పిచ్చర్ మీద నుంచి మీ మీదకి వస్తాయి.

పిచింగ్ విషయంలో ఎవరు ఎంత అడిగినా మారను. లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ) లెక్క ప్రకారం తొమ్మిది, పదేళ్లవాళ్లకి రోజుకి 75 బంతులే, 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. మీ అబ్బాయి ఇంకో టీమ్‌కి కూడా వేస్తుంటే ఆ లెక్క నాకు చెప్పండి. చెప్పకుండా రెండు చోట్లా వేయిస్తే ఆ మోచెయ్యికే నష్టం.

ఫీజు ఈ సీజన్‌కి పెంచడం లేదు. పిల్లలు తగ్గారు కాబట్టి కేజ్ అద్దెకి ఇచ్చే గంటలు పెంచాను, ఆదివారం సాయంత్రాలు బయటివాళ్లు ఉంటారు, మీకు కొంచెం పార్కింగ్ ఇబ్బంది అవ్వొచ్చు.

కొత్తగా చేరేవాళ్లు మొదటి క్లాస్ అయ్యేదాకా బ్యాట్ కొనకండి. 2018 నుంచి లిటిల్ లీగ్‌లో ఈ వయసువాళ్లకి, ఒకే చెక్కతో చేసినవి తప్ప, యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉన్న బ్యాట్లే కావాలి, మనం ఆడే లీగ్‌లోనూ అదే పద్ధతి. షాపులో పక్కపక్కనే వేరే ముద్రవి కూడా ఉంటాయి, ఖరీదు పెట్టి తెచ్చాక మ్యాచ్‌లో వాడనివ్వరు. మా దగ్గర అన్ని సైజులూ ఉన్నాయి, పిల్లలు ఊపి చూశాక ఏది సరిపోతుందో కాగితం మీద రాసిస్తాను, ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొనుక్కోండి.