తాటిపూడి గట్టు దగ్గర ఆగిన బాబాయ్‌కి

మొన్న ఆదివారం విశాఖ రద్దీ నుంచి తప్పించుకుని, అమ్మను బండెక్కించుకుని తాటిపూడి జలాశయానికి వెళ్లాను. గోస్తనీ నది మీద 1960లలో కట్టిన రిజర్వాయర్ ఇది. విశాఖకి తాగునీళ్లు ఇక్కడి నుంచి కూడా వెళ్తాయి, చూడటం మాత్రం ఇదే మొదటిసారి!

తిరుగు దారిలో, చీకటి పడే వేళకి క్లచ్ వైరు పుటుక్కున తెగింది. అమ్మ షుగరు మనిషి, కళ్లు తిరుగుతున్నాయంది. నాకు ఒకటే టెన్షన్.

పొలం నుంచి వస్తూ మీరు ఆగారు. మీదీ అదే మోడల్ బండి. మారు మాట్లాడకుండా దాని వైరు ఊడదీసి మాకు బిగించేశారు. "మాది ఈ ఊరే బాబూ, తోసుకుపోతాను" అన్నారు. గ్రీజు చేతులు గడ్డితో తుడుచుకుని, క్యారేజీలోంచి బెల్లం ముక్క తీసి అమ్మకిచ్చారు. డబ్బులిస్తే ముట్టుకోలేదు. కంగారులో మీ పేరైనా అడగలేదు.

కొత్త వైరు కొనుంచాను బాబాయ్. వచ్చే ఆదివారం అమ్మతో కలిసి అక్కడికే తెస్తాను.