చీము టెస్టుకి పంపకుండానే మందులు రాసేస్తే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

కుక్క కరిస్తే రేబిస్ టీకా గురించి మన పేపర్లలో బాగానే రాస్తున్నారు, సంతోషం. కానీ కరిచిన చోట చీము పడితే అందులో ఏ బ్యాక్టీరియా ఉందో చూడాలన్న మాట మాత్రం ఎక్కడా కనపడట్లేదు, అందుకే ఈ ఉత్తరం. నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను, రోజూ చూసేది చీము శాంపిల్సే.

బ్రిటన్‌లో 2020లో 48 ఏళ్ల ఒకాయన్ని వీధి పిల్లి కరిచింది. కరిచిన ఎనిమిది గంటలకి చేతులు వాచిపోయి ఎమర్జెన్సీకి వెళ్తే, గాయం కడిగి కట్టు కట్టి టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే) ఇంజెక్షన్ చేసి యాంటీబయాటిక్స్ ఇచ్చి పంపేశారు. మర్నాడే మళ్లీ వచ్చాడు, వేళ్లు ఉబ్బిపోయి ముంజేతులు ఎర్రగా కమిలిపోయి. ఇంక ఆపరేషన్ చేసి పాడైన భాగం తీసేసి, నరానికి మందులు ఎక్కిస్తే అప్పుడు తగ్గింది. పిల్లి పన్ను సూదిలా లోపలికి దిగుతుంది, పైన చిల్లు మూసుకుపోతుంది, క్రిములు లోపలే ఉండిపోతాయి, చిన్న గాటే కదా అని వదిలేస్తే వచ్చే ఇబ్బంది ఇదే.

మనిషికి తగ్గింది కదా అని అక్కడ ల్యాబ్ వాళ్లు ఊరుకోలేదు. గాయంలోంచి తీసిన బ్యాక్టీరియాని పెంచి చూస్తే స్ట్రెప్టోకోకస్ అనే మామూలు రకం లాగే ఉంది, కానీ జీన్ సీక్వెన్స్ (జన్యువులోని అక్షరాల వరస) తీసి పోలిస్తే రికార్డుల్లో ఉన్న దేనితోనూ కలవలేదు. మొత్తం జీనోమ్, అంటే దాని జన్యు సమాచారం అంతా చదివితే అప్పుడు తేలింది, అది గ్లోబికాటెల్లా అనే జీనస్‌లోది (దగ్గరి జాతుల గుంపులోది) అని, అందులో తెలిసిన దగ్గరి జాతులతో కూడా దాదాపు 20 శాతం తేడా ఉందని, అంటే అంతకుముందు ఎవరూ గుర్తించని జాతి అన్నమాట! 2023లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల జర్నల్‌లో అచ్చయింది.

అదే శాంపిల్ మన దగ్గర చిన్న ఊళ్లో దొరికితే ఏమయ్యేది? అసలు ల్యాబ్‌కే వచ్చేది కాదు. గాయం మీద పసుపో కాఫీ పొడో అద్దుకుని, మెడికల్ షాపులో అడిగి నాలుగు రోజులు మాత్రలు మింగి, తగ్గకపోతే అప్పుడు డాక్టర్ దగ్గరికొస్తారు, మాత్రలు పడ్డాక తీసిన స్వాబ్‌లో (గాయం తుడిచే దూదిపుల్లలో) ఏం పెరుగుతుంది చెప్పండి? ఒక్కోసారి పైపైన తుడిచి ఎండిపోయిన స్వాబ్ పంపిస్తారు. బ్లడ్ అగర్ (బ్యాక్టీరియాని పెంచే ప్లేట్) మీద గీసి 37 డిగ్రీల్లో పెట్టి, మర్నాడు గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఊదా రంగు గుండ్రటి కణాలు గొలుసుల్లా కనిపిస్తే చాలా చోట్ల స్ట్రెప్టో అని రాసి పంపేస్తారు. ఆటోమేటిక్ మెషీన్ ఉన్నా దానికి తన డేటాబేస్‌లో ఉన్న పేర్లే తెలుసు. పేరు రాకపోతే కంటామినెంట్ (బయటి నుంచి కలిసిన క్రిమి) అనుకుని ప్లేట్‌ని ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములు చంపే మెషీన్‌లో వేసేస్తారు, అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

మన దగ్గర చేయగలిగేవాళ్లు లేరా అంటే ఉన్నారు. హైదరాబాద్ నుంచి ఎగరేసిన ఇస్రో బెలూన్‌తో స్ట్రాటోస్ఫియర్‌లో (వాతావరణం పై పొరలో) గాలి పట్టి తెస్తే, అందులోంచి మూడు కొత్త బ్యాక్టీరియా జాతుల్ని హైదరాబాద్ సీసీఎంబీ, పూణే ఎన్‌సీసీఎస్ అనే పరిశోధన సంస్థల సైంటిస్టులు 2009లో ప్రకటించారు, ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఇంకోదానికి ఇస్రో పేరు పెట్టారు. ఆకాశంలోవి పట్టుకోగలిగినప్పుడు జిల్లా ఆసుపత్రిలో పేషెంట్ చేతి పుండులోవి ఎందుకు పట్టుకోలేం?

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదండీ. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే, గాయం సెలైన్‌తో కడిగి లోతు నుంచి శాంపిల్ తీయాలి. పేరు తేలని బ్యాక్టీరియాని పారేయకుండా, చలికి చావకుండా కాపాడే గ్లిసరాల్ ద్రవంలో వేసి డీప్ ఫ్రీజర్‌లో దాచి, సీక్వెన్సింగ్ ఉన్న పెద్ద ల్యాబ్‌కి పంపేలా ప్రతి జిల్లాకి ఒక ఏర్పాటు ఉండాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ దీని మీద ఒక సర్క్యులర్ ఇస్తే బాగుంటుంది. మీ హెల్త్ పేజీలో కూడా ఒకసారి రాయండి, పిల్లి గానీ కుక్క గానీ కరిస్తే వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలని, రేబిస్ టీకాతో పాటు చీము టెస్టు సంగతి కూడా డాక్టర్‌ని అడగాలని.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, ఖమ్మం