వేలం సైట్లలో నకిలీ నాణేలు

ఆన్‌లైన్ వేలాల్లో పాత వెండి నాణేల పేరిట నకిలీలు యథేచ్ఛగా అమ్ముడవుతున్నాయి. అమెరికా మోర్గాన్ డాలరునే తీసుకోండి: అసలుది 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి. వెండి పూత పూసిన ఇత్తడి నాణెం అవే కొలతల్లో తేలికగా ఉంటుంది. బరువు సరిపెట్టాలంటే మందం పెంచాల్సిందే. ఇనుముతో చేసినదైతే అయస్కాంతానికి అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. పోత పోసిన నకిలీపై భూతద్దంలో సన్నని గుంటలు, చాలాసార్లు అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. వీటన్నిటికన్నా గట్టి ఆధారం మరొకటుంది: ఒకే అసలు నాణెం నుంచి అచ్చు తీస్తారు కాబట్టి, దాని మీది గీత, నొక్కు ఆ అచ్చులో వచ్చిన ప్రతి నకిలీపైనా అదే చోట ఉంటాయి. మసక ఫొటోలో ఇవేవీ తేలవు, అంచు ఫొటో పెట్టేవారు అరుదు. బరువు, వ్యాసం, మందం, అంచు ఫొటో లేని నాణేన్ని వేలానికి అనుమతించకూడదు. కొన్నవారు తూచి చూసుకునేదాకా సొమ్ము అమ్మకందారుకు చేరకూడదు. అసలుదాన్ని పోలి చేసిన నమూనా నాణెంపైనే ‘కాపీ’ అని ముద్ర ఉండాలని అమెరికా 1973లోనే చట్టం చేసింది. ముద్ర లేని నమూనాలు పెట్టి, వివరణ చివర చిన్న అక్షరాల్లో ‘నమూనా’ అని రాసి తప్పించుకునేవారి ఖాతాలను సైట్లు శాశ్వతంగా మూసేయాలి.