బోధిధర్ముడి కథ చాలు, మన సాము చరిత్ర రాయండి

సంపాదకులకు నమస్కారం.

బడుల్లో ఆడపిల్లలకు ఇస్తున్న ఆత్మరక్షణ శిక్షణపై ఈమధ్య మీరు వేసిన కథనం చదివి సంతోషించాను. అయితే దాని పక్కన బాక్సులో ఇచ్చిన చరిత్రను మాత్రం సరిదిద్దాలి. కంచి రాకుమారుడు బోధిధర్ముడు చైనా వెళ్లి షావోలిన్ భిక్షువులకు యుద్ధవిద్య నేర్పాడని, అదే జపాన్ చేరి కరాటే అయిందని, కాబట్టి ప్రపంచంలోని యుద్ధవిద్యలన్నీ మన దగ్గరే పుట్టాయని అందులో రాశారు. స్కూలు వార్షికోత్సవాల్లోనూ, టోర్నమెంట్ల ప్రారంభ సభల్లోనూ ఇదే మాట వింటున్నాం. పిల్లలు దాన్ని జీకేలా బట్టీ పడుతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

షావోలిన్ మఠానికి మన దేశంతో సంబంధం ఉన్న మాట నిజం. క్రీ.శ. 495లో చైనాను ఏలిన ఉత్తర వేయ్ వంశపు చక్రవర్తి ఆ మఠాన్ని కట్టించింది భారతదేశం నుంచి వెళ్లిన ఒక భిక్షువు కోసమే. చైనా వాళ్లు ఆయన్ని బాతువో అంటారు. బోధిధర్ముడు వేరే మనిషి. ఆయన గురించి దొరికే మొదటి ప్రస్తావన 547 నాటిది. లోయాంగ్ నగరంలోని బౌద్ధ ఆరామాలను వర్ణించిన ఆ గ్రంథంలో ఆయన పారశీకం నుంచి వచ్చిన ముసలి భిక్షువు. ఒక స్తూపం అందం చూసి పరవశించిపోతాడు. తర్వాత శిష్యుడు రాసినదిగా చెప్పే మరో రచనలో దక్షిణ భారతదేశపు రాజుకు మూడో కొడుకు. ఈ రెండింటిలోనూ కంచి పల్లవుల పేరు లేదు, కర్ర లేదు, పిడికిలి లేదు.

షావోలిన్ భిక్షువులు యుద్ధం చేసిన మాటకు గట్టి ఆధారం 621 నాటి సంఘటన. తర్వాత థాంగ్ చక్రవర్తి అయిన లీ షిమిన్‌కు వాళ్లు శత్రువుపై పోరులో సాయపడ్డారు. 728లో మఠంలో నిలిపిన శిలాశాసనం ఆ సంగతి చెబుతోంది. బోధిధర్ముడి దగ్గర నేర్చుకున్నామని అందులో ఎక్కడా లేదు. ఆయన్ని వ్యాయామ గురువుగా చేసింది 1624లో వచ్చిన యిజిన్ జింగ్ అనే పుస్తకం. పాతదిగా కనిపించాలని దానికి ఏడో శతాబ్దపు సేనాపతి పేరుతో ముందుమాట కూడా తగిలించారు. అది దొంగ ముందుమాట అని థాంగ్ హావో లాంటి చైనా పండితులే 1930ల నాటికి తేల్చేశారు. పైగా బోధిధర్ముడికి నాలుగు వందల ఏళ్ల ముందే, హాన్ వంశ చరిత్రలోని గ్రంథాల పట్టికలో చేతిపోరు మీద ఆరు భాగాల పుస్తకం పేరు ఉంది. ఆ పుస్తకం ఇప్పుడు దొరకదు కానీ, ఇంకొకరు వచ్చి నేర్పేదాకా చైనా వాళ్లకు కొట్లాడటం రాదనుకోవడం ఎంత తప్పో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

కరాటే పుట్టినిల్లు ఒకినావా దీవి. అక్కడి పాత చేతిపోరు, వర్తకంతో వచ్చిన దక్షిణ చైనా పద్ధతులు కలిసి అది తయారైంది. ఒకినావా గురువు ఫునాకోషి గిచిన్ దాన్ని టోక్యోలో ప్రదర్శించింది 1922లో. మన బడుల్లో పిల్లలు వేసుకునే తెల్ల డ్రెస్సు, బెల్టుల పద్ధతి కానో జిగోరో స్థాపించిన జూడో నుంచి కరాటే తీసుకున్నవే.

అసలు యుద్ధవిద్యలకు ఒకే తల్లి ఉండాలని ఎందుకనుకోవాలి? ఈజిప్టులో బెనీ హసన్ సమాధుల గోడల మీద నాలుగు వేల ఏళ్ల కిందటి మల్లుల బొమ్మలు వందల జతలు ఉన్నాయి. ఏ పట్టు తర్వాత ఏ పట్టో వరుసగా కనిపిస్తుంది. గ్రీకులు క్రీ.పూ. 648లోనే గుద్దులు, పట్లు కలిసిన పాంక్రేషన్‌ను ఒలింపిక్స్‌లో చేర్చారు. బ్రెజిల్‌లో ఆఫ్రికా బానిసల నుంచి పుట్టిన కపోయెరా అనే యుద్ధవిద్యను 1890 శిక్షాస్మృతి నేరంగా ప్రకటించింది. అయినా అది బతికి 2014లో యునెస్కో గుర్తింపు పొందింది. మన ఆడపిల్లలకు తప్పకుండా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. యూరప్‌లో ఇప్పటికి దొరికిన కత్తిసాము గ్రంథాల్లో అతి పాతది 1300 ప్రాంతంలో జర్మన్ నేలలో రాసింది, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంది. దాని చివరి బొమ్మల్లో మతగురువుతో కత్తి, డాలు పట్టి సాధన చేస్తున్నది వాల్పుర్గిస్ అనే స్త్రీ. పోస్టరు వేయాలంటే ఆ బొమ్మ వేయండి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. లేని ఘనత కోసం పరుగెత్తి, ఉన్నదాన్ని పక్కన పడేస్తున్నాం. తెలంగాణలో చాలా భాగాన్ని ఏలిన కళ్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో మల్లుల తరగతులు, తిండి, రోజువారీ సాధన అన్నీ ఉన్నాయి. 1520 ప్రాంతంలో హంపీ విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ కృష్ణదేవరాయల దినచర్య రాశాడు. తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకుని, మట్టితో చేసిన బరువులెత్తి, ఆ నూనంతా చెమటై కారేదాకా కత్తి తిప్పి, ఆపైన తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టేవాడట. కొన్నాళ్లకు వచ్చిన మరో పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్, రాజు కొలువులో కుస్తీ పట్టే ఆడవాళ్లు ఉన్నారని రాశాడు. ఇంత స్పష్టంగా కళ్లతో చూసి రాసిన సాక్ష్యం మనకుంటే, మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

సాము ఇంకా చచ్చిపోలేదు. మా అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా ఊరేగింపు జరుగుతుంది. తాలింఖానా అంటే సాము నేర్పే చోటు. కళ్లకు గంతలు కట్టుకుని, మనిషి ఒంటి మీద పెట్టిన కొబ్బరికాయను కత్తితో రెండుగా చేసే వాళ్లను మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా ఎరుగుదురు. వీరఘట్టంలో పుట్టి ఉత్తరాంధ్రలోని విజయనగరంలో సాము నేర్చిన మల్లయోధుడు కోడి రామమూర్తి పేరు దేశమంతా మోగింది. కానీ కర్రసాములో అడుగు ఎలా వేయాలి, దెబ్బ ఎలా కాచుకోవాలి అన్నది గురువు నోటి నుంచే రావాలి. ఆ గురువులు పెద్దవాళ్లైపోతున్నారు. చాలా వరుసలు, అంటే అడుగులూ దెబ్బలూ వేసే క్రమాలు, ఎక్కడా కాగితం మీద లేవు, వీడియోలో లేవు. ఒక గురువు పోతే ఆయనతోపాటు కొన్ని వరుసలు పోతున్నాయి.

అందుకే మూడు మాటలు కోరుతున్నాను. ఆ బాక్సుకు సవరణ వేయండి. ఆత్మరక్షణ శిక్షణలో ఒక పూట కర్రసాము గురువును పిలిపించాలని విద్యాశాఖ అధికారులను అడగండి. దసరా ఊరేగింపు నాడు ఫొటోలు తీయడానికి అందరూ వస్తారు. మీ విలేకరిని మాత్రం నెల ముందు, సాధన జరిగే రోజుల్లో, తాలింఖానాలకు పంపండి. గురువుల పేర్లు, వాళ్ల గురువుల పేర్లు, వాళ్లకు తెలిసిన వరుసలు రాయించి ధారావాహికగా వేయండి. కోనసీమ వరకు ఎవరెవరి దగ్గరకు వెళ్లాలో చూపించడానికి నేను సిద్ధం.

భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అమలాపురం